లారీ ఆఫీసు మనుషులు

విజయవాడలో ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకి తెల్లవారేది సాయంత్రం నాలుగింటికి. పగలంతా షట్టర్లు సగం దించుకుని కునుకు తీసే వన్‌టౌన్ సందు ఆ వేళకి ఒక్కసారిగా లేచి కూర్చునేది. రిక్షాలు, ఎడ్లబళ్లు, తోపుడుబళ్లు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆగేవి. గుడ్డల బేళ్లు, స్టీలు సామాను కట్టిన గోనె మూటలు, మందుల అట్టపెట్టెలు, పురుగుమందు డబ్బాలు, బందరు నుంచి వచ్చిన రోల్డ్‌గోల్డ్ నగల చిన్న పార్శిళ్లు, అప్పుడప్పుడూ గడ్డి కూరి జాగ్రత్తగా సర్దిన కొండపల్లి బొమ్మల పెట్టెలు. రాత్రి పదకొండు దాటేలోపు వాటన్నిటికీ రసీదు రాసి, ఊరి పేరు వేసి, లారీకెక్కించి, పట్టా కప్పి, తాడు బిగించి పంపెయ్యాలి. మద్రాసు బండి, హైదరాబాదు బండి, విశాఖ బండి, కలకత్తా బండి. ఏ ఒక్కటి ఆలస్యమైనా మర్నాడు పొద్దున ఎక్కడో ఒక ఊళ్లో వ్యాపారి ఖాళీ కొట్టు తెరుచుకుని వీధి చివరకి చూస్తూ ఉంటాడు.

1983లో డిగ్రీ పరీక్షలు రాసిన వేసవిలో అలాంటి ఒక ఆఫీసులో బుకింగ్ గుమాస్తాగా చేరాను. వేరే ఉద్యోగం దొరికేదాకా ఉందామనుకున్నవాణ్ని జుట్టు నెరిసేదాకా ఉండిపోయాను. ఆ సంస్థ ఇప్పుడు లేదు. ఆఫీసు ఉన్నచోట సెల్‌ఫోన్ల దుకాణం వెలిసింది. రోడ్డు రవాణా గురించి పత్రికల్లో రాసేది డీజిల్ ధర పెరిగినప్పుడు, సమ్మె జరిగినప్పుడు, ప్రమాదం జరిగినప్పుడు. మిగతా మామూలు రోజులన్నీ ఎవరి చేతుల మీద నడిచాయో నాకు తెలుసు. వాళ్ల గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. పేర్లు రాయడం లేదు. వాళ్లలో చాలామంది పిల్లలు ఇప్పటికీ ఈ వృత్తిలోనే ఉన్నారు, పైగా ఇందులో కొన్ని వాళ్ల ఇంటి సంగతులు.

పంతులుగారి నాలుగో కాపీ

మా ఆఫీసుకి ఆయువుపట్టు పెద్ద గుమాస్తా గారు. వయసులో ఉండగా కొన్నాళ్లు పల్లెటూళ్లో పాఠాలు చెప్పి ఈ పనిలోకి వచ్చారు కాబట్టి యజమాని దగ్గర్నుంచి హమాలీల దాకా అందరికీ ఆయన పంతులుగారే. తెల్లటి పంచె, మోచేతుల దాకా మడిచిన చొక్కా, చెవిమీద పెన్సిలు. ఎల్‌ఆర్, అంటే లారీ రసీదు, రాయడం నాకు నేర్పింది ఆయనే. కార్బన్ పేపర్లు పెట్టి నాలుగు కాపీలు తీసేవాళ్లం. పంపినవాళ్లకొకటి, అందుకునేవాళ్లకొకటి, లారీతో వెళ్లేదొకటి, ఆఫీసులో ఉండేదొకటి. అడుగు కాపీ మీద కూడా అక్షరం పడాలంటే బాల్‌పెన్ను గట్టిగా నొక్కాలి. ఎండాకాలం చేతి చెమటకి కాగితం చిరిగిపోయేది. పంతులుగారు రాస్తే నాలుగో కాపీ కూడా మొదటి కాపీ అంత స్పష్టంగా ఉండేది. ఊరి పేరు పక్కన జిల్లా పేరు రాయకుండా ఆయన పుస్తకం ముయ్యనిచ్చేవారు కాదు. మన రాష్ట్రంలో కొత్తపేటలు ఎన్నున్నాయో లెక్కపెట్టు నాయనా, అనేవారు.

ఆ కాగితం విలువ బయటివాళ్లకి తెలియదు. బెజవాడలో అమ్మే వ్యాపారి బరంపురంలో కొనే వ్యాపారి మొహం జన్మలో చూసి ఉండడు. అయినా లక్ష రూపాయల సరుకు ధైర్యంగా పంపుతాడు. సరుకు మా లారీలో వెళ్తుంది, ఎల్‌ఆరూ బిల్లూ బ్యాంకు ద్వారా వెళ్తాయి. అక్కడి వ్యాపారి బ్యాంకులో డబ్బు కట్టి, ఎల్‌ఆర్ విడిపించుకుని మా డెలివరీ ఆఫీసుకి తెస్తేనే సరుకు దింపి ఇస్తాం. ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ ఆమోదించిన జాబితాలో ఉన్న ట్రాన్స్‌పోర్టుల ఎల్‌ఆర్‌లనే బ్యాంకులు తీసుకునేవి. ఆ జాబితాలో పేరుండటం సంస్థకి గౌరవం. ఆ గౌరవం నిలబెట్టే బాధ్యత మాత్రం డెలివరీ కౌంటరు దగ్గర కూర్చున్న నెలజీతం మనిషిది.

ఒక దీపావళి ముందు మా ఊరి బట్టల వ్యాపారి ఒకాయన ఎల్‌ఆర్ లేకుండా బేళ్లు ఇమ్మని వచ్చాడు. పండగ గిరాకీ పోతుందని ఆయన ఆదుర్దా. రేపు బ్యాంకులో కట్టేస్తానన్నాడు, పెద్దమనుషుల చేత చెప్పించాడు, చివరికి మా యజమానికే ఫోను చేయించాడు. పంతులుగారు కుర్చీలోంచి లేచి నిలబడి మరీ చెప్పారు: "కాగితం తీసుకురండి బాబూ. అర్ధరాత్రి తెచ్చినా నేనే వచ్చి గోడౌను తెరుస్తాను." మర్నాడు ఆ వ్యాపారి బ్యాంకు తెరవగానే డబ్బు కట్టి వచ్చాడు. పంతులుగారు ఆ పూట కూటికి వెళ్లకుండా దగ్గరుండి బేళ్లు దింపించి, కొట్టుదాకా రిక్షా వెంట నడిచారు. అప్పటికి మా వృత్తి 1865 నాటి క్యారియర్స్ చట్టం కిందే నడిచేది. సరుకు పోయినా పాడైనా రవాణాదారు నిర్లక్ష్యం ఉందని వ్యాపారి రుజువు చేయనక్కర్లేదని ఆ చట్టంలో ఉంది. 2007లో చేసిన కొత్త చట్టం 2011లో అమల్లోకి వచ్చేదాకా అదే మాకు ఆధారం. పంతులుగారికి అది కంఠతా వచ్చు. కానీ ఆ రోజు ఆయన్ని నిలబెట్టింది చట్టం ఒక్కటే అని నేననుకోను. బరంపురంలోనో బళ్లారిలోనో ఉన్న ముక్కూ మొహం తెలియని మనిషి తన మీద పెట్టుకున్న నమ్మకం ఆయనకి కళ్లముందు కనపడేది.

డ్రైవర్ల డబ్బు ఆయన దగ్గరే ఉండేది. ట్రిప్పు నుంచి వచ్చి బత్తా లెక్క తేల్చుకున్నాక కొంత చేతిలో ఉంచుకుని మిగతాది ఆయన చేతికిచ్చేవాళ్లు. ఇంటికి మనియార్డరు రాసేది, ఉత్తరం రాసేది, వచ్చిన ఉత్తరం చదివి చెప్పేది కూడా ఆయనే. ఎవరింట్లో ఏం జరుగుతోందో ఆయనకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. తెలిసింది ఏనాడూ పెదవి దాటలేదు.

కలకత్తా లైను

లారీ డ్రైవర్లలో పెద్దాయన గుడివాడ వైపు మనిషి. మా అందరికీ బాబాయ్. డెల్టాలో వరి మీద నాలుగు డబ్బులు మిగిలిన రైతులు లారీలు కొనడం మొదలుపెట్టిన కాలంలో, ఇంట్లో అరెకరం కూడా లేని పిల్లలు ఆ లారీలెక్కి క్లీనర్లయ్యారు. ఆయన అలా వచ్చినవాడే. 1954లో జంషెడ్‌పూర్‌లో టాటాలు మెర్సిడెస్-బెంజ్ సంస్థతో కలిసి లారీలు తయారుచేయడం మొదలుపెట్టారు. 1969లో ఆ ఒప్పందం ముగిసింది. ముందు భాగం మీద జర్మన్ నక్షత్రం పోయి టాటా గుర్తు వచ్చాక కూడా బాబాయ్ తరం దాన్ని బెంజి బండి అనే పిలిచేది.

వయసులో ఉండగా ఆయన జంషెడ్‌పూర్ నుంచి ఛాసిస్‌లు నడుపుకుని వచ్చేవాడు. ఇప్పటి పిల్లలకి చెబితే నమ్మరు. క్యాబిన్ ఉండదు, తలుపుండదు, ముందు అద్దం ఉండదు. ఇంజను, రెండు ఉక్కు దూలాలు, చక్రాలు, స్టీరింగు, కూర్చోడానికి ఒక కొయ్యపెట్టె. తలకి తువ్వాలు చుట్టి, కళ్లకి అద్దాలు పెట్టుకుని కెంఝర్ అడవుల మీదుగా కటక్ చేరి, అక్కణ్నుంచి సముద్రం వారగా బెజవాడ దాకా. వాన వస్తే తడవడమే. చలికాలం తెల్లవారుజామున వేళ్లు స్టీరింగుకి అంటుకుపోయేవని చెప్పేవాడు. అలా వచ్చిన ఛాసిస్‌కి ఆటోనగర్‌లో వడ్రంగులు, కమ్మరులు, పెయింటర్లు కలిసి ఒళ్లు పోసేవాళ్లు. బాడీ కట్టడానికి దేశం నలుమూలల నుంచీ ఛాసిస్‌లు మన ఆటోనగర్‌కి వచ్చేవంటే ఆ పనివాళ్ల చేతికున్న పేరు అలాంటిది. క్యాబిన్ నుదుటి మీద యజమాని కూతురి పేరో ఇలవేల్పు పేరో రాసే పెయింటరు గీత గీస్తుంటే నిచ్చెన కింద జనం నిలబడి చూసేవాళ్లు.

నేను చేరేసరికి బాబాయ్ 1210 నడుపుతున్నాడు. మొత్తం బరువు 12 టన్నులు, ఇంజను శక్తి సుమారు 100 హార్స్‌పవర్ అని ఆ అంకెకి అర్థం. పవర్ స్టీరింగు లేదు. లోడు బండిని మలుపు తిప్పుతుంటే ఆయన మెడ నరాలు తాళ్లలా లేచేవి. లేలాండ్ బండ్లలో ఇంజను డ్రైవరు పక్కనే ఉండేది కాబట్టి ఎండాకాలం దాని మీద తడిగోనె పరుచుకుని నడిపేవాళ్లు.

బాబాయ్ బడి మొహం చూడలేదు. రవాణా బండి నడపాలంటే ఎనిమిదో తరగతి పాసై ఉండాలన్న నిబంధన ఒకటి వచ్చి, 2019లో పోయింది. ఆ వార్త చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆయనే. ఏలూరు, రాజమండ్రి, తుని, అనకాపల్లి, శ్రీకాకుళం, ఇచ్ఛాపురం, ఖుర్దా, బాలాసోర్, ఖరగ్‌పూర్. దారి పొడుగునా ప్రతి కల్వర్టూ ఆయనకి తెలుసు. ఏ ఊరి దగ్గర పొద్దున్నే మంచు పడుతుందో, ఏ మలుపులో గేదెల మంద అడ్డం వస్తుందో, ఏ డాబా వాడు డీజిల్ దొంగలతో చేతులు కలిపాడో తెలుసు. ఒరియా, బెంగాలీ, హిందీ మాట్లాడేవాడు. చెక్‌పోస్టులో ఏ కాగితం ఎవరికివ్వాలో కాగితం రంగును బట్టి చెప్పేవాడు.

కొన్నిసార్లు పార్శిళ్లు పక్కనపెట్టి ఫుల్ లోడ్లు వెళ్లేవి. మే నెలలో నూజివీడు మామిడి ఢిల్లీ ఆజాద్‌పూర్ మండీకి. ఏడాది పొడుగునా కైకలూరు, ఆకివీడు చేపలు ఐసులో హౌరాకి. చేపల లోడుకి నిద్ర లేదు. ఐసు కరిగితే సరుకు లేదు. అలాంటి ట్రిప్పుకి బాబాయ్ తనతో ఎవర్ని తీసుకెళ్తాడో ముందుగా అడిగి రాసుకునేవాళ్లం. వేగంగా తోలేవాణ్ని ఆయన ఎప్పుడూ ఎంచుకోలేదు. నిద్రొస్తోందని చెప్పడానికి సిగ్గుపడనివాణ్ని ఎంచుకునేవాడు.

క్లీనర్ల గురించి ఇక్కడ కాస్త నిదానంగా చెప్పాలి. లారీ తుడవడం వాళ్ల పనిలో పదోవంతు కూడా కాదు. ఆగిన ప్రతిచోటా చిన్న ఇనపరాడ్డుతో టైర్లన్నీ కొట్టుకుంటూ వెళ్లి, శబ్దం విని ఏ టైరులో గాలి తగ్గిందో చెప్పాలి. ఎత్తు మీద ఆగితే దూకి టైరు కింద చెక్క పెట్టాలి. వెనక్కి తీస్తుంటే బాడీ మీద అరచేత్తో చరుస్తూ "రానీ, రానీ, ఆపు" అనాలి. రాత్రిపూట లోడు మీద పడుకుని పట్టా కోసే దొంగల్ని కనిపెట్టాలి. కిరసనాయిలు స్టవ్ మీద అన్నం వండాలి. అన్నిటికన్నా పెద్ద పని, తెల్లవారుజామున రెండు నుంచి ఐదు దాకా డ్రైవరుతో మాట్లాడుతూ ఉండటం. ఏ ఊరి కబురైనా సరే, ఏ సినిమా కథైనా సరే, మాట ఆగకూడదు. ఇలా నాలుగైదేళ్లు గడిచాక, ఖాళీ బండి మీద, ఖాళీ రోడ్డు మీద, గురువు ఒకరోజు పక్కకి జరిగి స్టీరింగు ఇచ్చేవాడు. ఆ రోజు క్లీనరు ఆఫీసుకొచ్చి అందరికీ టీ తాగించేవాడు. మా ఆఫీసు మంచి డ్రైవర్లలో ఆ బడిలో చదవనివాడు ఒక్కడూ లేడు.

కొక్కెం, దబ్బనం

హమాలీల మేస్త్రీ మనిషి పొట్టి. ముఠాలో అందరికన్నా పొట్టి. లారీ ఎక్కించడంలో ఆయన మాటే మాట. ఏ బస్తా అడుగున పడాలి, ఏ పెట్టె పైన ఉండాలి, బరువు ముందుకి ఎంత వెనక్కి ఎంత, ఆఖర్న దిగే ఊరి సరుకు మొదట ఎలా ఎక్కాలి అన్నది ఆయన తలలో గీసి ఉండేది. అప్పట్లో బస్తా అంటే క్వింటాలు. 50 కిలోల బస్తాలు ఆ తర్వాత వచ్చాయి. వీపు మీద క్వింటాలుతో వంగిన పలక మీదుగా లారీలోకి నడిచే మనిషికి ఒక అడుగు తప్పితే నడుం విరిగేది. గుంటూరు మిరప లోడు రోజున వీధంతా తుమ్ములే. ముఠా వాళ్ల మెడలు, చేతులు మండి ఎర్రబడేవి. ఇంటికెళ్లి పిల్లల్ని ఎత్తుకోవాలన్నా భయపడేవాళ్లు. కూలి రేటు పెంచాల్సి వచ్చినప్పుడు మేస్త్రీ యూనియన్ కాగితం పట్టుకుని మా యజమాని ఎదుట నిలబడేవాడు. గొంతు పెంచేవాడు కాదు, తగ్గేవాడూ కాదు. ఒప్పందం కుదిరాక అదే గదిలో యజమాని పక్కనే కూర్చుని టీ తాగేవాడు. బెజవాడ కార్మికోద్యమం నేను పుస్తకాల్లో చదవకముందే ఆయనలో చూశాను.

ఆ ముఠా పక్కన గోడౌను గుమ్మంలో ఒకావిడ కూర్చునేది. చిరిగిన బస్తాలు కుట్టడం ఆమె పని. చేతిలో దబ్బనం, ఒళ్లో పురికొస ఉండ. ఏ రిజిస్టర్లోనూ ఆమె పేరు లేదు. బస్తాకింత అని చిల్లర ఇచ్చేవాళ్లం. కింద ఒలికిన బియ్యం ఊడ్చి తీసుకెళ్లడం ఆమె హక్కుగా చెల్లేది. అందరం ఆవిణ్ని అమ్మా అనేవాళ్లం. ఆమె కుట్టిన బస్తా కలకత్తా దాకా వెళ్లి ఒక్క గింజ రాల్చకుండా దిగేది.

1988 డిసెంబరు చివర, ఎమ్మెల్యే వంగవీటి మోహనరంగా హత్య తర్వాత, ఊళ్లో కర్ఫ్యూ పెట్టారు. బయట మంటలు. లోడుతో వచ్చిన లారీలు, వాటి మనుషులు, ఇళ్లకి వెళ్లలేకపోయిన హమాలీలు, గుమాస్తాలం అందరం గోడౌన్లో చిక్కుకుపోయాం. ఊరు కులాలుగా చీలిపోయి ఒకరి మొహం ఒకరు అనుమానంగా చూసుకుంటున్న రోజులవి. మా గోడౌన్లో కూడా రెండు వైపుల వాళ్లూ ఉన్నారు. మొదటి రాత్రి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. బస్తాలు కుట్టే అమ్మ తన ఊడ్పు బియ్యం రాళ్లేరి, కడిగి, క్లీనర్ల స్టవ్‌ల మీద వండింది. గిన్నెలు చాలక ఒకే బేసిన్‌లో కలిపి ముద్దలు చేసి అందరి చేతుల్లో పెట్టింది. ఎవరి చేతిలో ముందు, ఎవరి చేతిలో వెనక అన్నది ఆమె చూడలేదు. కర్ఫ్యూ సడలించేదాకా గుడ్డల బేళ్ల మీద పక్కపక్కనే పడుకున్నాం. ఆ తర్వాత ఊళ్లో చాలా స్నేహాలు తెగిపోయాయి. మా ఆఫీసులో ఒక్కటి కూడా తెగలేదు.

1999 అక్టోబరు

అక్టోబరు 29న ఒడిశా తీరాన్ని పెను తుఫాను కొట్టింది. మా కలకత్తా బండి ముందురోజు రాత్రి బరంపురం దాటినట్టు ఫోను. తర్వాత కబురు లేదు. టెలిఫోను లైన్లు తెగాయి, కరెంటు లేదు, రోడ్డు కనపడటం లేదని పేపర్లు రాశాయి. బాబాయ్ అప్పటికి స్టీరింగు వదిలేసి ఆఫీసులోనే బండ్లు చూసుకుంటున్నాడు. ఆ బండి మీద ఉన్నది ఆయన దగ్గర పని నేర్చుకున్న డ్రైవరు. క్లీనరు మీసాలు కూడా సరిగా రాని కుర్రాడు, చిలకలూరిపేట వైపు వాడు. రెండు కుటుంబాలూ వచ్చి ఆఫీసు అరుగు మీద కూర్చున్నాయి. పంతులుగారు అప్పటికి రిటైరయ్యారు. అయినా పొద్దున్నే వచ్చి ఫోను పక్కన కుర్చీ వేసుకుని, ఎదురుగా వచ్చిన ప్రతి లారీ డ్రైవర్నీ ఆపి అడిగి రాసుకునేవారు. ఫలానా బండిని ఫలానా చోట చూశాం అన్న ఒక్క మాట కోసం.

వాళ్లు కటక్ దాటాక నీళ్లలో చిక్కుకున్నారు. నీరు యాక్సిల్ దాకా వచ్చింది. లోడు బియ్యం కాబట్టి బండి బరువుకి కదల్లేదు. చుట్టుపక్కల పల్లెల జనం రోడ్డు ఎత్తుగా ఉందని లారీల దగ్గరికి చేరారు. మూడోనాటికి పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే డ్రైవరు పట్టా విప్పాడు. ఎన్ని బస్తాలు దింపాడో క్లీనరు చేత ఎల్‌ఆర్ వెనక రాయించి, తను వేలిముద్ర వేశాడు. వాళ్లు తిరిగొచ్చాక ఆ కాగితం చూసిన బియ్యం మిల్లు యజమాని షార్టేజీ క్లెయిము వెయ్యనన్నాడు. మా యజమాని కిరాయి తగ్గించుకున్నాడు. ఎవరూ ఎవర్నీ మెచ్చుకోలేదు, లెక్క సరిచేసి పుస్తకం మూసేశారు. ఆ డ్రైవరుని మాత్రం బాబాయ్ గేటు దగ్గరే పట్టుకుని రెండు చేతులతో మొహం తడిమాడు.

మరొక మనిషి గురించి రాయకపోతే ఇదంతా అబద్ధమవుతుంది. తొంభైల మధ్యలో మా మద్రాసు లైను డ్రైవరు ఒకతను చిక్కిపోవడం మొదలుపెట్టాడు. దగ్గు, జ్వరం, నోట్లో పుళ్లు. హైవేల మీద హెచ్‌ఐవీ గురించి బోర్డులు, డాబాల దగ్గర కరపత్రాలు అప్పుడప్పుడే కనిపిస్తున్నాయి. ఆఫీసులో గుసగుసలు మొదలయ్యాయి. అతని గ్లాసు వేరుగా పెట్టారు. అది చూసిన రోజున పంతులుగారు తన క్యారియర్ తెచ్చి అతని ఎదురుగా కూర్చుని, అతని కంచంలో కూర వడ్డించి, అతని గ్లాసుతోనే నీళ్లు తాగారు. ఒక్క మాట కూడా అనలేదు. మర్నాడు మేస్త్రీ వెళ్లి కూర్చున్నాడు. ఆ తర్వాత అందరం. ఈ జబ్బుకి ఏఆర్‌టీ మందులు ఉచితంగా ప్రభుత్వం ఇవ్వడం 2004 ఏప్రిల్లో మొదలైంది. అతను అంతకు చాలా ముందే పోయాడు. మందులు ఎనిమిదేళ్లు ముందొచ్చి ఉంటే ఇప్పుడు మనవళ్లతో ఉండేవాడని తలుచుకున్నప్పుడల్లా గుండె పట్టేస్తుంది. నెలల తరబడి ఇల్లు వదిలి, పక్కన ఎవరూ లేని రాత్రుల్లో బతికిన మనుషుల మీద లోకం వేసిన నింద ఆ జబ్బుకన్నా క్రూరమైనది.

ఒక్కడే

నేను ఈ వృత్తిలో చూసిన మార్పులు చాలావరకు మంచివే. ట్రంక్‌కాల్ బుక్ చేసి గంటలకొద్దీ కూర్చునే బాధ పోయింది. స్వర్ణ చతుర్భుజి పుణ్యమా అని చెన్నై–కోల్‌కతా దారి నాలుగు వరసలైంది. 5వ నంబరు హైవే 16వ నంబరైంది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చి సేల్స్‌టాక్స్ చెక్‌పోస్టులు పోయాయి. తడలో, ఇచ్ఛాపురంలో బండికీ బండికీ మధ్య పొయ్యి పెట్టుకుని వంతు కోసం పడిగాపులు పడ్డవాళ్లకి ఆ రోజు పండగే. ఈ-వే బిల్లు, ఫాస్టాగ్, జీపీఎస్ వచ్చాయి. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీల క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి చేశారు. తడిగోనె మీద చెయ్యి పెట్టుకుని నడిపిన వాళ్లని చూసినవాణ్ని, ఇది యాభై ఏళ్లు ఆలస్యంగా వచ్చిన న్యాయం అంటాను.

నా బాధ ఇంకో చోట ఉంది. నేషనల్ పర్మిట్ లారీలో ఇద్దరు డ్రైవర్లుండాలని, ఒకరు నడుపుతుంటే రెండోవాడు నడుం వాల్చే చోటుండాలని నిబంధన ఉండేది. చాలా బండ్లలో రెండో డ్రైవరు బదులు క్లీనరే ఉండేవాడు. ఎవరైతేనేం, పక్కన ఒక మనిషి ఉండేవాడు. 2018లో ఆ నిబంధన తీసేశారు. కిరాయిలు గిట్టుబాటు కాక అంతకుముందే యజమానులు క్లీనర్లని తగ్గించేశారు. ఇప్పుడు హైవే మీద ఆగి చూడండి. పెద్ద పెద్ద బండ్లలో ఒక్కడే ఉంటాడు. టైరు తనే చూసుకోవాలి, వెనక్కి తనే తీసుకోవాలి, తెల్లవారుజామున తనతో తనే మాట్లాడుకోవాలి. రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటల పని అని మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే చెప్పింది. ఒంటరిగా రాత్రంతా నడుపుతున్న మనిషికి ఆ గంటలు ఎవరు లెక్కపెడతారు?

డ్రైవర్లు దొరకడం లేదని యజమానులందరూ అంటున్నారు. ఎక్కణ్నుంచి దొరుకుతారు? నాలుగైదేళ్లు పక్కన కూర్చుని నేర్చుకునే సీటు ఖాళీ చేశాం. రెండు సంగతులూ ఒకటేనని నేను గట్టిగా నమ్ముతాను. హిట్ అండ్ రన్ కేసుల్లో పదేళ్ల దాకా జైలు అన్న కొత్త నిబంధనకి భయపడి 2024 జనవరి మొదట్లో డ్రైవర్లు బండ్లు ఆపేశారు. హైదరాబాదులో పెట్రోలు బంకుల ముందు బారులు తీరిన జనాన్ని టీవీలో చూశాం. ఆ నిబంధన అమలు నిలిపేశాక అందరూ మళ్లీ మామూలుగా మర్చిపోయారు. ఖాళీ చేసిన ఆ పక్కసీటు మళ్లీ నిండాలంటే రెండో మనిషి జీతం కిరాయిలో కలిపి లెక్కగట్టాలి. అది సరుకు పంపే వ్యాపారి ఇవ్వాలి, సరుకు కొనే మనమూ పైసల్లో భరించాలి. చేపల పులుసు తిన్నప్పుడు, మామిడిపండు కోసినప్పుడు ఆ పైసలు మనకి బరువు కావు.

ఏటా దసరా వెళ్లాక వచ్చే ఆదివారం మేమంతా ఆటోనగర్‌లో కలుస్తాం. మా బండ్లు బాగుచేసిన మెకానిక్ కొడుకు తన షెడ్డు ఆ పూట మాకిచ్చేస్తాడు. ఆయుధపూజ నాటి బంతిదండలు వాడిపోయి ఇంకా వేలాడుతూ ఉంటాయి. మొదట్లో షెడ్డు నిండేది, ఇప్పుడు రెండు బెంచీలకి సరిపోతున్నాం. బాబాయ్ పోయాడు. మేస్త్రీ మోకాళ్లు పట్టేసినా మనవడి బైకు మీద వస్తాడు. బస్తాలు కుట్టిన అమ్మ కొడుకు ఇప్పుడు కార్లు మోసే పొడవాటి ట్రెయిలర్ నడుపుతున్నాడు. వీలైన ఏడు వాళ్లమ్మ ఫొటో జేబులో పెట్టుకుని వస్తాడు.

పంతులుగారికి ఎనభై అయిదు దాటాయి. ఆయన దగ్గర ఒక పొడుగు నోటుపుస్తకం ఉంది. ఆఫీసులో పనిచేసిన ప్రతి మనిషికీ అందులో ఒక వరస. పేరు, ఊరు, ఏ లైను, పిల్లలేం చేస్తున్నారు, ఫోను నంబరు. పోయినవాళ్ల పేరు కొట్టెయ్యరు, పక్కన తేదీ వేస్తారు. ఆ పుస్తకం చూసే ఎవరికి ఆపరేషనుకి డబ్బు పంపాలో, ఎవరి కూతురి పెళ్లికి వెళ్లాలో తేల్చుకుంటాం. కొన్ని వరసల్లో ఫోను నంబరు గడి ఖాళీగా ఉంది. అందులో ఒకటి తుఫాను నాటి క్లీనరుది. ఆ తర్వాత లైసెన్సు తీసుకుని డ్రైవరయ్యాడు, కువైట్ వెళ్లాడు, కొన్నాళ్లు ఉత్తరాలు రాశాడు, తర్వాత ఆగిపోయాయి. మొన్నటి దసరా ఆదివారం ట్రెయిలర్ నడిపే కుర్రాడు ఒక మాట చెప్పాడు. చిలకలూరిపేట దాటాక హైవే పక్కన పంక్చర్ల షాపు దగ్గర ఆగితే, అక్కడి మనిషి మిషను పెట్టకుండానే టైర్లన్నిటినీ రాడ్డుతో కొట్టుకుంటూ వెళ్లి, లోపలి వరస రెండో టైరులో గాలి తక్కువుందని చెప్పాడట. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే బెజవాడ కలకత్తా బండి మీద అన్నాడట. పేరు అడిగేలోపు వెనక బండి హారన్ కొట్టింది. వచ్చే బుధవారం మేం ముగ్గురం అటు వెళ్తున్నాం. పంతులుగారు తనూ వస్తానంటున్నారు, నోటుపుస్తకం సంచీలో పెట్టుకుని సిద్ధంగా ఉన్నారు.